తీగ ఇచ్చినవాడే తలుపు కాస్తే

2007లో అమెరికాలోని ఒరెగాన్ రాష్ట్రంలో రాబ్ టొపోల్‌స్కీ అనే ఇంజనీరుకు ఒక చిక్కు వచ్చిపడింది. ఆయనకు బార్బర్‌షాప్ పాటలంటే పిచ్చి. నలుగురు గాయకులు వాద్యాలేవీ లేకుండా గొంతులు కలిపి పాడే పాతకాలపు పాటలవి. కాపీరైటు గడువు తీరిపోయిన రికార్డింగులను, ఫైళ్ళు పంచుకునే బిట్‌టొరెంట్ పద్ధతిలో తోటి అభిమానులతో పంచుకుందామని చూస్తే, ఎంతసేపటికీ ఫైలు కదలదు. కంప్యూటర్ బాగానే ఉంది, మిగతా ఇంటర్నెట్ అంతా బాగానే నడుస్తోంది. నెట్‌వర్కుల లోగుట్టు తెలిసినవాడు కనుక, తీగ మీద వస్తూ పోతూ ఉన్న ప్యాకెట్లను పట్టి చూశాడు. తన కంప్యూటర్ పంపని ప్యాకెట్లు తన పేరుతో అవతలికి పోతున్నాయి. అవతలివాళ్ళు పంపనివి వాళ్ళ పేరుతో తన దగ్గరకు వస్తున్నాయి.

ఆ దొంగ ప్యాకెట్ల పేరు 'రీసెట్'. ఇంటర్నెట్‌లో రెండు కంప్యూటర్లు టీసీపీ అనే పద్ధతిలో మాట్లాడుకుంటున్నప్పుడు, ఏదైనా తేడా వస్తే ఒకటి రెండోదానికి "ఇక్కడితో ఆపేద్దాం" అని పంపే సంకేతమది. అందులో పంపినవారి సంతకమంటూ ఉండదు, చిరునామా మాత్రమే ఉంటుంది. కాబట్టి మధ్యలో కూర్చున్నవాడు తలుచుకుంటే తయారు చేయగలడు. ఫోన్‌లో మాట్లాడుకుంటున్న ఇద్దరి మధ్య పాత ఎక్స్ఛేంజీ ఆపరేటర్ దూరి, ఇతని గొంతుతో అతనికీ అతని గొంతుతో ఇతనికీ "ఉంటానండీ" అని చెప్పి లైను కోసేస్తే ఎలా ఉంటుందో సరిగ్గా అదే జరిగింది. దూరినవాడు ఎవరో కాదు, ఆయన నెలనెలా డబ్బు కడుతున్న కామ్‌కాస్ట్ అనే కేబుల్ ఇంటర్నెట్ కంపెనీయే. అదే ఏడాది అక్టోబరులో అసోసియేటెడ్ ప్రెస్ వార్తాసంస్థ స్వయంగా పరీక్షించింది. కాపీరైటు గొడవ లేకుండా కింగ్ జేమ్స్ బైబిల్ ఫైలును ఎంచుకుంది. బైబిలుకూ అదే గతి పట్టింది.

కంపెనీ సమాధానంలో పూర్తిగా పస లేదనలేం. కేబుల్ నెట్‌వర్కులో ఒక వీధి వీధంతా ఒకే దారిని పంచుకుంటుంది, అందులోనూ అప్‌లోడ్ దారి మరీ ఇరుకు. నలుగురు రాత్రంతా ఫైళ్ళు పంపుతూ కూర్చుంటే మిగతా ఇళ్ళలో నెట్ నత్తనడక నడుస్తుంది. రద్దీ నిజమే. కానీ ఆ రద్దీకి వేసిన మందు, అడిగినవాళ్ళకు చెప్పకుండా బిట్‌టొరెంట్ లాంటివాటి గొంతే నొక్కడం. ఎక్కువ వాడేవాళ్ళందరి వేగాన్నీ సమానంగా తగ్గించి ఉంటే ఇంత రభస జరిగేది కాదు.

తీగ మీద పోయే సమాచారం ఎవరిది, ఏ సైటుది అని చూడకుండా మోసే కంపెనీ అన్నింటినీ ఒకేలా మోయాలన్నదే నెట్ న్యూట్రాలిటీ. 2003లో న్యాయశాస్త్ర ఆచార్యుడు టిమ్ వూ ఈ పేరును ప్రచారంలోకి తెచ్చాడు. చెప్పడం తేలికే. అమలు చేయాలంటే ముందు కంపెనీ చేతిలో ఏ పనిముట్లు ఉన్నాయో తెలియాలి.

మీరు ఒక వీడియో చూస్తే అది వేల ప్యాకెట్లుగా విడిపోయి వస్తుంది. ప్రతి ప్యాకెట్ మీదా ఎక్కడి నుంచి, ఎక్కడికి అన్న చిరునామాలు ఉంటాయి. ఇప్పుడు దాదాపు అన్ని సైట్లూ లోపలి సరుకును ఎన్‌క్రిప్ట్ చేస్తున్నాయి కాబట్టి మీరు ఏ వీడియో చూస్తున్నారో కంపెనీకి తెలియదు. కానీ కనెక్షన్ మొదలయ్యే క్షణంలో సైటు పేరు మామూలుగా తెరచాటు లేకుండానే వెళ్తుంది. ఏ సైటుకు పోతున్నారో తెలిస్తే వివక్షకు అది చాలు. రౌటర్‌లో రెండు వరుసలు పెట్టి, ఒక సైటు ప్యాకెట్లను వెనక వరుసలో నిలబెట్టవచ్చు. ఇంకా తేలికైన పని, అక్కడక్కడా కొన్ని ప్యాకెట్లను జారవిడవడం. ప్యాకెట్లు పోతున్నాయంటే దారిలో రద్దీ ఉందనుకుని, పంపే కంప్యూటరే మర్యాదగా తన వేగం తగ్గించుకుంటుంది. ఆ మర్యాదను వాడుకుని ఏ సైటునైనా కుంటిదాన్ని చేయవచ్చు. చూసేవాడు తిట్టేది ఆ సైటునే, తీగ కంపెనీని కాదు.

అలాగని తేడా చూపించడమంతా తప్పు కాదు. ఫోన్ మాట అర సెకను ఆలస్యమైతే సంభాషణ పాడవుతుంది, ఈమెయిల్ పది సెకన్లు ఆలస్యమైనా అడిగేవాడుండడు. మాటల ప్యాకెట్లన్నింటినీ ముందు పంపితే సరే. తమ మాటల యాప్‌ను ముందు పంపి పక్కవాడి యాప్‌ను ఆపితేనే పేచీ. రోజుకు 1.5 జీబీ అయిపోగానే మన ఫోన్‌లో వేగం 64 కేబీపీఎస్‌కు పడిపోతుందే, అదీ ఉల్లంఘన కాదు. చిరాకే గానీ యూట్యూబ్‌కైనా వార్తల సైటుకైనా అందరికీ ఒకటే శిక్ష.

అసలు కంపెనీ మీద నియమం పెట్టడమెందుకు, నచ్చకపోతే కనెక్షన్ మార్చుకుంటారు కదా, పోటీయే దాన్ని దారిలో పెడుతుంది కదా అనేవాళ్ళున్నారు. ఇది కొట్టిపారేయదగ్గ వాదన కాదు. ఫ్రాన్స్‌లో పాత ప్రభుత్వ ఫోన్ కంపెనీ తన రాగి తీగలను పోటీదారులకు అద్దెకు ఇచ్చి తీరాలని నియంత్రణ సంస్థ పట్టుబట్టింది. 2002లో ఫ్రీ అనే చిన్న కంపెనీ ఆ తీగల మీదే నెలకు 30 యూరోల లోపు బ్రాడ్‌బ్యాండ్ ఇచ్చి మార్కెట్‌ను కుదిపేసింది. అమెరికా సరిగ్గా ఎదురు దారి పట్టింది. కేబుల్ కంపెనీలు తమ తీగలను ఎవరితోనూ పంచుకోనక్కర్లేదన్న నియంత్రణ సంస్థ ఎఫ్‌సీసీ వైఖరిని 2005లో సుప్రీంకోర్టు సమర్థించింది. దాంతో చాలా ఊళ్ళలో ఒక కేబుల్ కంపెనీ, ఒక ఫోన్ కంపెనీ మిగిలాయి. టొపోల్‌స్కీ లాంటివాడు కోపమొచ్చి మారదామన్నా మారడానికి ఎన్ని గడపలున్నాయని?

అందుకే అక్కడ ఈ నియమం ఇంత రాజకీయమైంది. కామ్‌కాస్ట్‌ను ఎఫ్‌సీసీ 2008లో మందలిస్తే, ఆ అధికారం మీకు లేదని 2010లో కోర్టు కొట్టేసింది. 2015 ఫిబ్రవరిలో 3-2 ఓట్లతో గట్టి నియమం వచ్చింది. 2017 డిసెంబరులో అదే 3-2తో పోయింది. 2024 ఏప్రిల్‌లో మళ్ళీ 3-2తో తిరిగొస్తే 2025 జనవరి 2న అప్పీళ్ళ కోర్టు రద్దు చేసింది. కాలిఫోర్నియాకు మాత్రం 2018లో చేసుకున్న సొంత చట్టం ఉంది. బే ఏరియాలో ఉన్న మన పిల్లలకు ఆ రక్షణ ఉంది, డాలస్‌లో ఉన్నవాళ్ళకు లేదు.

మన దేశం కథ దీనికి పూర్తిగా వేరు. ఇక్కడ గొడవ మొదలైంది పోటీ జోరుగా ఉన్న రోజుల్లో. ఐడియా, వొడాఫోన్, ఎయిర్‌సెల్, టాటా డొకొమో, యూనినార్... ఒకే ఫోన్‌లో రెండు సిమ్ములు వేసుకుని ఏది చవకైతే దానికి మారే కాలమది. అంత పోటీలోనూ 2014 డిసెంబరులో ఎయిర్‌టెల్ ఇంటర్నెట్ కాల్స్‌కు విడిగా డబ్బు తీసుకుంటానని ప్రకటించి, గోల చెలరేగాక కొద్ది రోజుల్లో వెనక్కి తగ్గింది. 2015 ఏప్రిల్‌లో ఎయిర్‌టెల్ జీరో వచ్చింది. డబ్బు కట్టిన యాప్‌లను మనం ఉచితంగా వాడుకోవచ్చు, ఆ డేటా ఖర్చు యాప్ కంపెనీదే. ఫేస్‌బుక్, రిలయన్స్ కమ్యూనికేషన్స్‌తో కలిసి, ఎంపిక చేసిన కొన్ని సైట్లను ఉచితంగా ఇచ్చింది. దాని పేరే తర్వాత ఫ్రీ బేసిక్స్ అయింది.

ఇందులో ప్యాకెట్‌ను ఎవరూ ముట్టుకోరు. వేగమూ తగ్గదు. తేడా అంతా బిల్లు లెక్కలోనే. అయినా ఫలితం ఒకటే: ఒక సైటు ఉచితమై పక్కది డేటాను తినేస్తుంటే, తక్కువ రీచార్జి వేసుకునేవాడు ఎటు పోతాడో చెప్పనక్కర్లేదు. గుంటూరులోనో వరంగల్‌లోనో ఒక కుర్రాడు కొత్త యాప్ కడితే ఎయిర్‌టెల్‌కు కట్టడానికి డబ్బులెక్కడివి? అసలు నెట్టే లేనివాడికి కాస్తయినా అందడం మేలు కదా అన్నది ఫేస్‌బుక్ వాదన. పత్రికల్లో పేజీలకు పేజీల ప్రకటనలిచ్చి మరీ వినిపించింది. పేదవాడికి మేలు చేయదలిస్తే నెలకు కొంత డేటా ఉచితంగా ఇచ్చి, ఏ సైటు చూడాలో అతనికే వదిలేయవచ్చు. దానికి అడ్డేమిటో ఆ ప్రకటనల్లో కనబడలేదు.

టెలికాం నియంత్రణ సంస్థ ట్రాయ్ అభిప్రాయాలు అడిగితే 2015లో పది లక్షలకు పైగా ఈమెయిళ్ళు వెళ్ళాయి. 2016 ఫిబ్రవరి 8న, ఏ సైటు అన్నదాన్ని బట్టి డేటా ధర మార్చకూడదని ట్రాయ్ తేల్చేసింది. మీరితే రోజుకు 50 వేల రూపాయలు, మొత్తం 50 లక్షల దాకా జరిమానా. ఆపత్కాలంలో కొన్ని సేవలు చవగ్గా ఇవ్వడానికి మినహాయింపు ఉంచింది. ఆపడం, వేగం తగ్గించడం కూడా నిషేధమని 2018 జులైలో టెలికాం శాఖ ఆమోదించింది. పోటీ ఉన్నా కంపెనీలు వివక్షకు దిగుతాయని ఎయిర్‌టెల్ ఉదంతంతో రుజువైంది. ఒకడు మొదలుపెడితే మిగతావాళ్ళూ అదే బాట పడతారు, ఎవరి దుకాణం వారు తెరుస్తారు.

ట్రాయ్ నియమం వచ్చిన ఏడాదే, 2016 సెప్టెంబరు 5న, జియో వచ్చింది. డేటా కారుచౌక అయింది. ఒక్కొక్క కంపెనీ మూతపడింది, కొన్ని కలిసిపోయాయి. ఇప్పుడు దేశంలో బ్రాడ్‌బ్యాండ్ వాడేవాళ్ళలో ఐదింట నాలుగు వంతులు జియో, ఎయిర్‌టెల్ చేతుల్లోనే ఉన్నారు. 2024 జూన్ చివర్లో జియో రేట్లు పెంచుతున్నానని ప్రకటిస్తే, మర్నాడే ఎయిర్‌టెల్, వొడాఫోన్ ఐడియా కూడా అదే మాట అన్నాయి. జియోలో రోజుకు 1.5 జీబీ ఇచ్చే 28 రోజుల ప్యాక్ 239 నుంచి 299 రూపాయలకు ఎక్కింది. కోపంతో లక్షలమంది బీఎస్ఎన్ఎల్‌కు మారారు. ఈ మొత్తం వ్యవహారంలో నెట్ న్యూట్రాలిటీకి వెంట్రుకవాసి భంగం కలగలేదు. అన్ని సైట్లూ సమానంగా ఖరీదయ్యాయి, అంతే. పోటీ చేయాల్సిన పని ఆ నియమం చేయదు, నియమం చేయాల్సిన పని పోటీ చేయదు.

నియమంలో ఒక సందు కూడా ఉంది. డేటా ధరలో తేడా కుదరదు గానీ, రీచార్జితో పాటు ఓటీటీ చందా ఉచితంగా ఇస్తే అడ్డేమీ లేదు. తీగ ఉన్నవాడే సినిమాలు, క్రికెట్ కూడా కొనుక్కుంటే ఈ సందు వీధంత అవుతుంది. 2025 ఫిబ్రవరిలో జియోహాట్‌స్టార్ మొదలైనప్పుడు జరిగిందదే.

పోటీ విషయంలో ఇంటికి వచ్చే తీగల సంగతి కాస్త మెరుగు. మన ఊళ్ళలో ఆ పోటీని తెచ్చింది పెద్ద కంపెనీలు కాదు, టీవీ కోసం కరెంటు స్తంభాల మీదుగా తీగలు లాగిన కేబుల్ ఆపరేటర్లు. ఆంధ్రప్రదేశ్ ఫైబర్‌నెట్ కూడా అదే ఒడుపు పట్టింది. రోడ్లు తవ్వకుండా స్తంభాల మీదుగా ఫైబర్ లాగి, ఇంటిదాకా చేర్చే పని కేబుల్‌వాళ్ళకే అప్పగించి, 2017 డిసెంబరులో నెలకు 149 రూపాయలకే టీవీ, ఫోను, ఇంటర్నెట్ ఇస్తామంటూ వచ్చింది. హైదరాబాద్‌లో గేటెడ్ కమ్యూనిటీలకు వచ్చేసరికి వేరే లెక్క. ఊరంతా పది కంపెనీలున్నా అసోసియేషన్ గేటు దాటనిచ్చింది ఒకటో రెండో. లోపలున్నవాళ్ళకు పోటీ అంటే అంతే. అమెరికాలో ఇలాంటి అపార్ట్‌మెంట్ ఒప్పందాల మీద ఎఫ్‌సీసీ 2022లో ఆంక్షలు పెట్టింది.

ఇప్పుడు మన టెలికాం కంపెనీల కొత్త కోరిక, ఎక్కువ డేటా పంపే వీడియో సైట్లు తమకు 'న్యాయమైన వాటా' కట్టాలని. యూట్యూబ్ వీడియో దానంతట అది మన ఫోన్‌లోకి ఎగబడి రాదు, మనం నొక్కితేనే వస్తుంది. తెచ్చినందుకు కూలి రీచార్జిలో ఇచ్చేశాం. అదే మోతకు అవతలి నుంచి మరో కూలి అడుగుతున్నారన్నమాట. దక్షిణ కొరియా 2016లోనే ఈ బాట పట్టి, నెట్‌వర్కుల మధ్య పంపినవాడే కట్టాలన్న పద్ధతి తెచ్చింది. ఖర్చులు భరించలేక వీడియో సైటు ట్విచ్ అక్కడ 2022లో నాణ్యతను 720పీకి తగ్గించింది. 2024 ఫిబ్రవరి 27న ఆ దేశంలో దుకాణం కట్టేసింది. ట్విచ్ వెనక అమెజాన్ ఉండి కూడా తట్టుకోలేకపోయింది.