గూడెం నుంచి గంటేనా?

గన్నవరం నుంచి శంషాబాద్‌కి ఆకాశంలో దూరం సుమారు 265 కి.మీ. ఏటీఆర్ విమానం వేగం గంటకి 500 దాకా. అరగంట చాలాలి కదా? టికెట్ మీద గంట పైనే వేస్తారు. స్టాండ్ దగ్గర కదిలినప్పటి నుంచి అక్కడ మళ్లీ ఆగేదాకా లెక్క అది. రన్‌వే దాకా పాకడం, పైకెక్కడం, దిగడానికి వరసలోకి రావడం, అన్నీ అందులోనే. కొల్లేటి గూడబాతు మాత్రం లేవగానే పూర్తి వేగం అందుకుంటుందా?

మనకి అసలు దెబ్బ నేలమీదే. తాడేపల్లిగూడెం నుంచి ఏలూరు, హనుమాన్ జంక్షన్ మీదుగా గన్నవరం దాదాపు 90 కి.మీ. చెక్-ఇన్ గంట ముందే మూసేస్తారు. శంషాబాద్‌లో దిగాక సిటీకి ఇంకో గంట. అన్నీ కలిపితే ఐదారు గంటలు! పొద్దున ఇంటర్వ్యూ ఉంటే రాత్రి గోదావరి ఎక్స్‌ప్రెస్ ఎక్కి పడుకోవడమే నయం. అన్నట్టు, రెండో ప్రపంచ యుద్ధం నాటి రన్‌వే మన గూడెంలోనే ఉంది. విమానాలే రావు.