వాడిన నీటికి పెరటి మొక్కల వైద్యం

ఇంటికి కుళాయి రావడం గొప్ప మేలు. హిరమండలం జలాశయం నీటిని ఉద్దానం పల్లెలకు పైపులతో తెచ్చే పథకం 2023 డిసెంబరులో ప్రారంభమైంది. బిందెలతో మోసుకొచ్చిన నీటిని పొదుపుగా వాడతాం. కుళాయి నీరైతే వాడకం పెరుగుతుంది. దానితో పాటు బయటికి వదిలే నీరూ పెరుగుతుంది. పల్లెల్లో మనిషికి రోజుకు 55 లీటర్లు అందించాలన్నది జల్ జీవన్ మిషన్ లక్ష్యం. ఆ లెక్కన ఐదుగురున్న ఇంటికి 275 లీటర్లు. ఇందులో తాగడానికి, వంటకు పట్టేది కొంచెమే. మిగిలినదంతా స్నానాల నీళ్లు, బట్టల నీళ్లు, అంట్ల నీళ్లుగా బయటికే వస్తుంది. పలాస, టెక్కలి పట్టణాల్లో అది వీధి కాలువలో చేరుతుంది. కాలువ లేని చోట గుమ్మం ముందే నిలుస్తుంది.

నిలిచిన మురుగుతో ముప్పు ఏమిటి?

బోదకాలు వ్యాధిని మోసే క్యూలెక్స్ దోమ మురికి నీటిలోనే గుడ్లు పెడుతుంది. మన శ్రీకాకుళం బోదకాలు ఉన్న జిల్లాల్లో ఒకటి. కాబట్టి గుమ్మం ముందు మడుగు కేవలం అసహ్యం కాదు, రోగకారణం. డెంగ్యూ దోమ సంగతి వేరు. అది డ్రమ్ములు, తొట్లలోని మంచి నీటిలో పెరుగుతుంది. అందుకే వాటిని వారానికొకసారి తోమి ఆరబెట్టాలి.

మొక్కలు ఏం చేస్తాయి?

అంట్లు తోమే చోట అరటి పిలకలు, మెట్టతామర నాటడం మన పెద్దలకు అలవాటే. ఆ పనినే శాస్త్రం పద్ధతిగా చేసింది. జర్మనీ శాస్త్రవేత్త కాతే జైడెల్ 1950లలో నీటి మొక్కలతో మురుగు శుద్ధిపై ప్రయోగాలు చేశారు. మన దగ్గర హైదరాబాదు నెక్నాంపూర్ చెరువులో 2018 ఫిబ్రవరిలో ధ్రువాంశ్ అనే స్వచ్ఛంద సంస్థ తేలియాడే తెప్పపై వట్టివేరు, మెట్టతామర వంటి మొక్కలు పెంచింది. ఆ తెప్ప సుమారు 3,000 చదరపు అడుగులు.

నిజానికి ఎక్కువ పని చేసేవి వేళ్లకు, కంకర రాళ్లకు అంటుకొని బ్రతికే సూక్ష్మజీవులు. అవి నీటిలోని మురికిని తిని విడగొడతాయి. మొక్క ఆ జీవులకు వేళ్ల ద్వారా కొంత ప్రాణవాయువు అందిస్తుంది. నీటిలోని నత్రజని, భాస్వరాన్ని తన ఎరువుగా తీసుకుంటుంది.

ఇంట్లో ఎలా చేసుకోవాలి?

1. వంటగది నీళ్లు ముందుగా చిన్న తొట్టిలో పడాలి. మెతుకులు అడుగుకు చేరతాయి, నూనె పైకి తేలుతుంది. వారానికొకసారి వాటిని తీసి చెత్త గుంటలో పూడ్చాలి.

2. ఐదుగురున్న ఇంటికి సుమారు 10 అడుగుల పొడవు, 6 అడుగుల వెడల్పు, 2 అడుగుల లోతు గుంట సరిపోతుంది. తాగునీటి బావికి, బోరుకు దూరంగా తవ్వాలి.

3. ఉద్దానం ఇసుక నేలలో పోసిన నీరు శుద్ధి కాకముందే కిందికి దిగిపోతుంది. అందుచేత గుంటలో మందమైన ప్లాస్టిక్ పట్టా తప్పక పరచాలి.

4. కడిగిన కంకర నింపి, మెట్టతామర, వట్టివేరు, తుంగ అడుగున్నర ఎడంగా నాటాలి.

5. బయటికి వెళ్లే గొట్టాన్ని నీటిమట్టం కంకర పైభాగానికి మూడు అంగుళాల కిందే ఉండేలా అమర్చాలి. పైన నీరు కనిపించకపోతే దోమకు గుడ్లు పెట్టే చోటు ఉండదు. కనిపించిందంటే ఎక్కడో పూడిందని గ్రహించి బాగుచేయాలి.

బయటికి వచ్చిన నీరు కొబ్బరికి, అరటికి, జీడిమామిడికి పనికొస్తుంది. తాగడానికి, అంట్లకు పనికిరాదు. ఆకుకూరలకు, పచ్చిగా తినే కూరలకు పోయరాదు.

ఏవి కలపకూడదు?

మరుగుదొడ్డి నీళ్లు, పసిబిడ్డల మలం అంటిన గుడ్డలు ఉతికిన నీళ్లు, రోగి వాంతులు కడిగిన నీళ్లు ఇందులోకి రానీయకండి. ఇంట్లోనే పొట్ట ద్వారా డయాలిసిస్ చేసుకునేవారు సంచిలోకి వచ్చిన ద్రవాన్ని మరుగుదొడ్డిలోనే పోయాలి. బ్లీచింగ్ పౌడరు, ఫినాయిలు, యాసిడ్ పోస్తే మేలు చేసే సూక్ష్మజీవులు చనిపోతాయి.

కిడ్నీ జబ్బుకు ఇది మందా?

కాదు. ఉద్దానంలో కిడ్నీ జబ్బుకు కారణం ఇదేనని ఇంతవరకు తేలలేదు. మొక్కల మడి వల్ల ఆ జబ్బు రాదని ఎవరైనా చెబితే నమ్మవద్దు. జబ్బు ముదిరే వరకు లక్షణాలు కనిపించకపోవచ్చు. కాబట్టి రక్తంలో క్రియాటినిన్, మూత్రం, బి.పి. పరీక్షలు సమయానికి చేయించుకోండి. నొప్పి మాత్రలు సొంతంగా కొని మింగకండి.

పెరడు లేని పట్టణపు ఇళ్లవారు ఇరుగుపొరుగుతో కలిసి ఒక మడి వేసుకోవచ్చు. చర్చి ఆవరణలో చేతులు, గిన్నెలు కడిగే చోట ఒకటి వేస్తే నలుగురూ చూసి నేర్చుకుంటారు. తొట్టి శుభ్రం చేసే వంతు ఎవరిదో మాత్రం ముందే నిర్ణయించుకోండి. చూసుకునేవారు లేని మడి కొన్నాళ్లకే మళ్లీ మురుగు గుంటగా మారుతుంది.