కాశీలో ఏమి వదలి రావాలి?

తెలుగువారి పెండ్లిలో వరుడు గొడుగు పట్టి, చేతికఱ్ఱ ధరించి, పావుకోళ్ళు తొడుగుకొని కాశీకి బయలుదేరుతాడు. నాలుగడుగులు వేయగానే వధువు సోదరుడు ఎదురువచ్చి, బెల్లం ముక్క చేతికిచ్చి, తన చెల్లెలిని స్వీకరించి గృహస్థాశ్రమంలో ప్రవేశించవలసిందిగా ప్రార్థించి వెనుకకు తీసుకొని వస్తాడు. చూసేవారికి అది వేడుక. కాని దాని వెనుక ఒక భావం ఉంది. విద్య ముగించిన బ్రహ్మచారికి వైరాగ్యమార్గమూ గృహస్థమార్గమూ రెండూ తెరచి ఉంటాయి. బంధువులందరి కోరిక మేరకు అతడు రెండవదానిని ఎంచుకొంటాడు. ఆనాడు ఆగిన యాత్రను, బిడ్డల బాధ్యతలు తీరిన తరువాత, ఏ చెల్లెలి కోసం ఆగాడో ఆమెతో కలిసి పూర్తి చేస్తాడు. కాశీయాత్ర మన గృహస్థులకు జీవితాంతం మిగిలి ఉండే ఒక మాట.

ఆ మాట చెల్లించుకొని వచ్చినవారిని చుట్టుపక్కలవారు అడిగే మొదటి ప్రశ్న, "కాశీలో ఏమి వదలిపెట్టారు?" అని. కాశీకి వెళ్ళినవారు ఒక కాయను, ఒక పండును జీవితాంతం మానివేయాలన్నది మన పెద్దల నుండి వస్తున్న ఆచారం. కొందరు దీనిని కాశీలో సంకల్పిస్తారు. కొందరు గయలో అక్షయవటం దగ్గర పితృకార్యం ముగించి సంకల్పిస్తారు. "మాకు కాకరకాయ ఎలాగూ పడదు, అదే వదిలేశాం" అని నవ్వుతూ చెప్పేవారూ ఉన్నారు. ఇష్టం లేనిదానిని మానడం త్యాగమవుతుందా? కాశీక్షేత్రం యాత్రికుని నిజంగా ఏమి వదలమంటున్నది? ఈ ప్రశ్నకు సమాధానం ఆ క్షేత్ర స్వరూపంలోనూ, ఆ క్షేత్ర కథలలోనూ ఉంది.

క్షేత్ర స్వరూపం

వరణ, అసి అనే రెండు నదుల నడుమ ఉన్నందున ఈ నగరానికి వారాణసి అని పేరు. కాశి అంటే ప్రకాశించేది. శివుడు ఎన్నడూ విడువని చోటు కాబట్టి అవిముక్తమనీ, ఆనందకాననమనీ, మహాశ్మశానమనీ కూడా పేర్లున్నాయి. ఆనందవనమూ శ్మశానమూ ఒకే ఊరి పేర్లు కావడం ఈ క్షేత్రం ప్రత్యేకత. మోక్షదాయకాలైన సప్తపురులలో ఇది ఒకటి. ద్వాదశ జ్యోతిర్లింగాలలో విశ్వేశ్వరుడు వెలసిన స్థానం.

హిమాలయాల నుండి దిగివచ్చి తూర్పు సముద్రం వైపు సాగే గంగ ఇక్కడ ఉత్తరాభిముఖంగా తిరుగుతుంది. ఘట్టాలన్నీ పశ్చిమతీరంలో ఉన్నాయి. అందువల్ల స్నానానికి దిగిన భక్తునికి ఎదురుగా నది మీదనే సూర్యోదయమవుతుంది. అసి నుండి ఆదికేశవం వరకు సుమారు 84 ఘట్టాలు ఉన్నాయి. వాటిలో మణికర్ణిక, హరిశ్చంద్ర ఘట్టాలలో దహనసంస్కారాలు జరుగుతాయి. తక్కిన ఊళ్ళలో శ్మశానం ఊరి వెలుపల ఉంటుంది. కాశీలో స్నానఘట్టాల వరుసలోనే, పూజల మధ్యనే ఉంది. కాశిలో ప్రాణం విడిచేవారి కుడిచెవిలో విశ్వేశ్వరుడు తారకమంత్రాన్ని ఉపదేశిస్తాడని విశ్వాసం. ఆ విశ్వాసంతోనే ఎందరో వృద్ధులు తమ చివరి రోజులు గడపడానికి అక్కడికి చేరుకొంటారు.

మూడు కథలు

స్కాంద పురాణంలోని కాశీఖండాన్ని 15వ శతాబ్దంలో శ్రీనాథ మహాకవి తెలుగు చేసి, రాజమహేంద్రవర ప్రభువైన వీరభద్రారెడ్డికి అంకితమిచ్చాడు. కాశీని చూడని తెలుగువాడు కూడా కాశీ వీధులను ఎరుగుననే చనువు మనకు ఆ కావ్యం వల్లనే కలిగింది. అందులోని కథలలో ఒకటి అగస్త్యునిది. వింధ్యపర్వతం గర్వించి సూర్యుని దారికి అడ్డు నిలువగా, దేవతల ప్రార్థన మేరకు ఆ మహర్షి లోపాముద్రతో కలిసి దక్షిణాదికి తరలివచ్చాడు. వింధ్యను అణచడం ఆయనకు పెద్ద పని కాలేదు. కాశీని విడవడమే కష్టమయింది. లోకం కోసం కాశీనే వదలిన త్యాగం ఆయనది.

రెండవ కథ వ్యాసునిది. పాఠశాలలో 'భిక్ష' పాఠం చదువుకున్నవారికి అది గుర్తుండే ఉంటుంది. విశ్వేశ్వరుడు పరీక్షింపదలచగా, శిష్యులతో తిరిగిన వ్యాసునికి కాశీలో ఏ ఇంటా భిక్ష దొరకలేదు. ఆకలితో కోపించి ఆయన ఆ నగరాన్నే శపించబోయాడు. అప్పుడు జగన్మాత సామాన్య గృహిణి రూపంలో వచ్చి మందలించి, శిష్యులతో సహా ఆయనకు కడుపునిండా అన్నం పెట్టింది. అయితే శివాజ్ఞ మేరకు వ్యాసుడు కాశీని విడిచి వెళ్ళవలసి వచ్చింది. ఆయన దక్షారామానికి రావడాన్ని శ్రీనాథుడే భీమేశ్వర పురాణంలో వర్ణించాడు. వేదాలను విభజించిన మహర్షి కూడా కోపాన్ని వదలలేకపోతే కాశీని వదలవలసి వచ్చింది. శపించబోయినవానికి సైతం ముందు అన్నం పెట్టిన తరువాతనే శిక్ష విధింపబడిందన్న సంగతిని కూడా మనం మరువరాదు. కాశీలో అన్నదానానికి అంతటి గౌరవం.

మూడవది హరిశ్చంద్రునిది. రాజ్యాన్ని, భార్యను, కుమారుని, చివరకు తన్ను తాను కోల్పోయి కాటికాపరి అయినా ఆయన సత్యాన్ని వదలలేదు. అగస్త్యుడు లోకహితం కోసం ఇష్టమైనదానిని వదిలాడు. వ్యాసుడు వదలవలసిన కోపాన్ని వదలలేకపోయాడు. హరిశ్చంద్రుడు వదలరానిదానిని ప్రాణసమానంగా నిలుపుకొన్నాడు. కాశీయాత్రికుడు నేర్వవలసిన పాఠం ఈ మూడింటిలో ఇమిడి ఉంది.

దర్శన క్రమం

గంగాస్నానం, సంకల్పం, పితృతర్పణం ముగించి, డుంఠి గణపతికి మ్రొక్కి విశ్వేశ్వరుని దర్శించడం సంప్రదాయం. పూర్వాలయాలు కాలగతిలో విధ్వంసానికి గురికాగా, నేడు మనం దర్శించే ఆలయాన్ని హోల్కర్ వంశపు మహారాణి అహల్యాబాయి 1780లో నిర్మింపజేశారు. పంజాబు పాలకుడు మహారాజా రంజిత్ సింగ్ శిఖరాల తాపడానికి బంగారం సమర్పించారు. 2021 డిసెంబరు 13న ప్రారంభమైన విశ్వనాథ ధామం వల్ల భక్తులు గంగాతీరం నుండి నేరుగా ఆలయ ప్రాంగణానికి చేరుకోగలుగుతున్నారు. సాయంసమయంలో స్వామికి జరిగే సప్తర్షి హారతి చూడదగినది.

విశ్వేశ్వరుని సన్నిధికి సమీపంలోనే అన్నపూర్ణాదేవి ఆలయం ఉంది. అమ్మవారి స్వర్ణమూర్తి దర్శనం దీపావళి పర్వదినాలలో మాత్రమే లభిస్తుంది. మీర్ ఘట్టం దగ్గర విశాలాక్షీదేవిని, కేదారఘట్టంలో గౌరీ కేదారేశ్వరుని దర్శించాలి. క్షేత్రపాలకుడైన కాలభైరవుని అనుమతి లేనిదే కాశీవాసం ఫలించదని పెద్దలు చెబుతారు. ఆయన కథ కూడా వదలడం గురించినదే. బ్రహ్మ అయిదవ శిరస్సును ఖండించిన భైరవుని చేతికి ఆ కపాలం అంటుకొనిపోయింది. లోకాలన్నీ తిరిగినా వీడని ఆ కపాలం కాశీలో జారిపడింది. ఆ చోటే కపాలమోచన తీర్థం.

అవకాశమున్నవారు అసి, దశాశ్వమేధం, ఆదికేశవం, పంచగంగ, మణికర్ణిక ఘట్టాలలో పంచతీర్థ స్నానం చేస్తారు. శక్తి ఉన్నవారు ఐదు మజిలీలతో పంచక్రోశ యాత్ర కూడా చేస్తారు. తల్లి గర్భంలో గడిపిన తొమ్మిది నెలలకు గుర్తుగా కాశీలో తొమ్మిది రాత్రులు నిద్ర చేయడం మనవారిలో చాలామంది పాటించే నియమం. నేడు ఒక్క రోజులో అన్ని ఆలయాలూ చుట్టి రైలెక్కేవారు ఎక్కువయ్యారు. అంత వ్యవధి లేనివారు చింతించనక్కరలేదు. పది ఆలయాలకు పరుగులు తీయడం కంటె, విశ్వేశ్వర, అన్నపూర్ణ, విశాలాక్షి, కాలభైరవ దర్శనాలు నిదానంగా చేసుకొని, ఒక్క సాయంకాలం ఘట్టం మెట్ల మీద నిశ్శబ్దంగా కూర్చోవడం మేలు.

తెలుగువారి కాశి

"కాశీకి పోయినవాడు కాటికి పోయినవానితో సమానం" అన్న సామెత ఒకప్పటి ప్రయాణ కష్టాన్ని తెలుపుతుంది. మద్రాసు సుప్రీంకోర్టులో ఉద్యోగి అయిన ఏనుగుల వీరాస్వామయ్య 1830 మే 18న పరివారంతో బయలుదేరి, హైదరాబాదు, నాగపూరు, ప్రయాగల మీదుగా కాశి చేరి, గయ, కలకత్తాల మీదుగా 1831 సెప్టెంబరు 3న తిరిగివచ్చారు. ఆయన దారిలో రాసిన వివరాలే 1838లో 'కాశీయాత్ర చరిత్ర'గా అచ్చయ్యాయి. పదిహేను నెలలకు పైగా సాగిన ఆ ప్రయాణం నేడు రైలులో రెండు రోజుల లోపే ముగుస్తున్నది.

గంగాతీరంలో విజయనగర ప్రభువుల పేరిట ఒక ఘట్టం ఉంది. విజయనగరం సీమలో జన్మించి, కాశీలో దీర్ఘకాలం నివసించి, 1887లో సిద్ధిపొందిన మహాయోగిని అక్కడివారు త్రైలింగస్వామి అని పిలుచుకొన్నారు. తెలుగునాటి నుండి వచ్చినవాడని ఆ పేరు. పంచగంగా ఘట్టం దగ్గర ఆయన మఠాన్ని నేటికీ దర్శించవచ్చు. మానససరోవరం, కేదారఘట్టం పరిసరాలలోని ఆశ్రమాలలో తెలుగు మాట వినిపిస్తుంది, తెలుగు భోజనం లభిస్తుంది. వాటిని ఏర్పరచినవారు, నేటికీ అన్నదానానికి విరాళాలు పంపుతున్నవారు వేల కోసుల దూరాన ఉండి కూడా వ్యాసునికి భిక్ష పెట్టిన తల్లి పనిలో పాలుపంచుకొంటున్నారు. ముసలితనం వల్ల, అనారోగ్యం వల్ల కాశి చేరలేకపోయామని బాధపడేవారు ఈ విషయం గ్రహించాలి. తమ పేరిట ఒక యాత్రికుని ఆకలి తీరితే, ఆ పూట వారు కాశీలో ఉన్నట్లే.

వదలడం అంటే

కాయ, పండు అన్న మాటల వెనుక కాయాపేక్ష, ఫలాపేక్ష అనే అర్థాన్ని పెద్దలు చెబుతూ వచ్చారు. కాయమంటే దేహం. మణికర్ణికలో ఆరని చితులను చూచినవానికి దేహం మీది మమకారం కొంతైనా సడలాలి. ఫలమంటే చేసిన పనికి ఆశించే ప్రతిఫలం. బిడ్డలకు చేసినదానికి, బంధువులకు పెట్టినదానికి, దేవునికి సమర్పించినదానికి సైతం లెక్కలు వ్రాసుకొనే మనస్సు ఆ లెక్కలను అక్కడ చెరిపివేయాలి. అంతమాత్రాన కాయను, పండును మానే ఆచారం వ్యర్థమని కాదు. ఇష్టమైనదానినే మానినప్పుడు, అది విస్తట్లో కనిపించిన ప్రతిసారీ కాశీలో చేసిన సంకల్పం గుర్తుకువస్తుంది. ఆ గుర్తు కోసమే ఆ నియమం.

మరొక్క మాట. వదలడమంటే గంగలో వదలడం కాదు. స్నానం చేసిన బట్టలను, పాత పటాలను, ప్లాస్టిక్ సంచులను, ప్రమిదలు పెట్టిన కాగితపు దొన్నెలను నదిలో విడిచి పుణ్యం వచ్చిందనుకోవడం పొరపాటు. గంగ మన పాపాలను కడుగుతుందని నమ్మేవారు ఆ తల్లి ఒడిలో చెత్త వేయరాదు. సబ్బు వాడకుండా మూడు మునకలు వేసి, తెచ్చినదంతా తిరిగి తీసుకొని రావడం కూడా తీర్థసేవయే.

యాత్ర ముగించి వచ్చినవారు గంగచెంబుకు పూజ చేసి, సమారాధన చేసి, కాశీదారాలను బంధుమిత్రులకు పంచుతారు. ఆనాడు పంక్తిలో కూర్చున్నవారిలో ఎవరితోనైనా పాత పట్టింపు ఉంటే, స్వయంగా వెళ్ళి పిలిచి వడ్డించండి. "కాశీలో ఏమి వదలిపెట్టారు?" అని వారు అడుగవలసిన పని ఉండదు.

శ్రీ విశాలాక్షీ అన్నపూర్ణా సమేతుడైన శ్రీ విశ్వేశ్వరుడు భక్తులందరికీ తన దర్శనభాగ్యాన్ని, దానితోపాటు వదలగలిగే మనస్సును అనుగ్రహించుగాక!