బందరు రాడారు, దుర్గి మబ్బు

డిసెంబరు వచ్చిందంటే మాచర్ల దగ్గరి దుర్గి చుట్టుపక్కల ఒక పక్క పత్తి తీతలు, మరో పక్క కాపు మీదున్న మిరప చేలు. సంక్రాంతి దాటాక కాయ కల్లాలకెక్కుతుంది. బంగాళాఖాతంలో అల్పపీడనం అన్న కబురు సరిగ్గా ఈ రోజుల్లోనే వస్తుంది. తడిసిన కాయ రంగు పోతుంది, బూజు పడుతుంది, గుంటూరు యార్డులో తాలు ధరకు దిగిపోతుంది. అందుకే సముద్రానికి ఇంత దూరాన ఉన్నా, ఫోనులో మచిలీపట్నం (బందరు) రాడారు బొమ్మ తెరిచి చూసుకోవడం ఇక్కడా పనికొచ్చే అలవాటే.

రాడారుకు పేరు తెచ్చిన రాబర్ట్ వాట్సన్ వాట్ మొదట వాతావరణ శాఖ మనిషి. 1915లో ఆ కొలువులో చేరి, మెరుపుల్లోంచి పుట్టే రేడియో తరంగాలను పట్టి గాలివాన ఎక్కడుందో విమానాలవాళ్లకు ముందే చెప్పాలని తంటాలు పడ్డాడు. 1935లో ఇంగ్లండులోని డావెంట్రీ దగ్గర, రేడియో తరంగాలు విమానానికి తగిలి వెనక్కి వస్తాయని ఆయనా, ఆయన సహచరుడూ చూపించారు. ఇంతలో రెండో ప్రపంచ యుద్ధం వచ్చిపడింది. శత్రు విమానాల కోసం తెర ముందు కూర్చున్నవాళ్లకు మధ్యలో వాన మరకలు అడ్డం పడేవి, విసుక్కునేవారు. యుద్ధం అయ్యాక ఆ మరకల కోసమే రాడార్లు కట్టడం మొదలైంది. వానను వెతకబోయిన మనిషి చేతిలో పుట్టిన యంత్రం ఇలా చుట్టు తిరిగి వాన దగ్గరికే చేరింది.

మన దేశంలో తొలి తుఫాను రాడారు 1970లో విశాఖపట్నంలో వెలిసింది, కొన్నేళ్లకు మద్రాసులో మరొకటి. 1977 నవంబరు 19న దివిసీమను ముంచిన ఉప్పెనలో, సర్కారు లెక్క ప్రకారమే, సుమారు పదివేల మంది పోయారు. బందరుకు సొంత రాడారు వచ్చింది ఆ తర్వాతే. 1864 నవంబరులో సముద్రం ఊళ్లోకే వచ్చి ముప్పై వేల మందిని పొట్టనపెట్టుకున్న పట్నానికి ఇది ఆలస్యమేననాలి.

పాత రాడారు వాన ఎక్కడుందో, ఎంత చిక్కగా ఉందో చెప్పేది. గాలి సంగతి దానికి తెలియదు. 2004లో బందరుకు వచ్చిన డాప్లర్ రాడారు ఆ లోటు తీర్చింది. మాచర్ల రోడ్డు మీద హారన్ కొడుతూ వచ్చే లారీ మనల్ని దాటగానే ఆ మోత స్థాయి దిగిపోతుంది కదా, 1842లో డాప్లర్ చెప్పిన సూత్రం అదే. రాడారు పది సెంటీమీటర్ల తరంగాలను వదులుతుంది. చినుకులు దాని వైపు వస్తుంటే ఒక తేడా, దూరంగా పోతుంటే ఇంకో తేడా. తుఫాను కన్నుకు ఒక పక్క ‘వచ్చే’ రంగు, రెండో పక్క ‘పోయే’ రంగు జంటగా కనిపిస్తే, గాలి సుడి తిరుగుతున్నట్టే. మరకల రంగు సంగతి వేరు. చినుకు రెట్టింపు లావైతే తిరిగొచ్చే తరంగం బలం అరవై నాలుగు రెట్లవుతుంది. అందుకే తుంపర పలచగా, వడగళ్లు మండిపోతున్నట్టు కనిపిస్తాయి.

2023 డిసెంబరులో మిచౌంగ్ తుఫాను తీరాన్ని ఒరుసుకుంటూ పైకి వచ్చింది. 4న చెన్నైని ముంచి, 5న మధ్యాహ్నం బాపట్ల దగ్గర తీరం దాటింది. గాలి గంటకు 90 నుంచి 100 కిలోమీటర్లు. తీరం వెంబడే నడిచిన తుఫాను కాబట్టి ఒక రాడారు చూపు దాటేలోగా ఇంకో రాడారుకు చిక్కేది.

దుర్గికి వచ్చేసరికి లెక్క మారుతుంది. బందరు నుంచి ఇక్కడికి నేరుగా సుమారు 175 కిలోమీటర్లు. తరంగం వచ్చి వెళ్లడానికి సెకనులో వెయ్యోవంతుకు కాస్త పైన చాలు. కానీ భూమి వంపు తిరుగుతుంది, తరంగం అంతగా వంగదు. అర డిగ్రీ పైకెత్తి వదిలిన తరంగం దుర్గి చేరేసరికి నేలకు మూడు కిలోమీటర్ల పైన ఉంటుంది. అప్పటికి మూడు కిలోమీటర్ల వెడల్పున పరుచుకునీ ఉంటుంది. అంటే తెర మీద దుర్గి చోట కనిపించే మరక మిరప చేను మీది వాన కాదు, దానికి చాలా ఎత్తున ఉన్న మబ్బు నడుము. అక్కడ కురిసేది దారిలో ఆవిరై నేలకు చేరకపోవచ్చు. కిందనే కురిసే జల్లు తెరకు ఎక్కకనే పోవచ్చు. అందుకని రాడారు అంచనాను నేల మీది వర్షమాపకాల కొలతతో సరిచూస్తారు. ఆ కొలత రోజూ ఉదయం ఎనిమిదిన్నరకు తీస్తారు. కాయ మీద పట్టా కప్పే పని మాత్రం అంతవరకు ఆగదు.