నేలలోని నాణెం

లోహశోధక యంత్రంతో ఉద్యానవనాలలో పాత నాణేలు వెదకడం వినోదమని కొందరి భావన. యంత్రంలోని తీగచుట్ట నేలలోనికి మారుతూ ఉండే అయస్కాంత క్షేత్రాన్ని ప్రసరింపజేస్తుంది. దానివల్ల లోహంలో పుట్టే విద్యుత్ప్రవాహాన్ని పసిగట్టి యంత్రం మ్రోగుతుంది. అయితే అది లోహాన్ని చూపుతుందే గాని చరిత్రను చెప్పదు. నాణెం ఏ పొరలో, ఏ పెంకుల నడుమ ఉన్నదో అదే దాని సాక్ష్యం. తొందరపడి త్రవ్వితే ఆ సాక్ష్యం చెరిగిపోతుంది.

గోదావరి తీరాన కోటిలింగాలలో దొరికిన నాణేలు పరిశోధకుల చేతికి అందినందువల్లనే శాతవాహనుల తొలి చరిత్రపై వెలుగు ప్రసరించింది. 1878 నాటి నిక్షేపాల చట్టం ప్రకారం, నేలలో దొరికిన నిధి విలువ 10 రూపాయలు మించితే కలెక్టరుకు తెలియజేయాలి.

బ్రాహ్మీ లిపి నాణెమైనా, పారసీ లిపి నాణెమైనా మనందరి ఉమ్మడి సంపద. మేము విద్యార్థులను కోరేది ఒక్కటే: నాణెం కనబడితే తోమవద్దు, దాచవద్దు; దొరికిన చోటు గుర్తించి అధికారులకు తెలపండి.