తాతగారి సొమ్ము

పిత్రార్జితమునకు రెండు ముఖములు కలవు. అది పోయినవారి కష్టమునకు జ్ఞాపకము. ఉన్నవారి బుద్ధికి పరీక్ష. భూమియో, ఇల్లో అయినచో కంటికి కనబడుచు నిలిచియుండును గనుక, దానిని కదపుటకు ముందు నలుగురు ఆలోచింతురు. రొక్కమునకు అట్టి రక్ష లేదు. అది చేతికి వచ్చిననాడే వెళ్లుటకు వంద దారులు కనబడును. అందుచేతనే కొందరు తల్లిదండ్రులు వారసత్వముగా వచ్చిన ధనమును తమయొద్ద నుంచుకొనక, పిల్లల పేర పొదుపు ఖాతాలలో వేయుచున్నారు. చూచుటకు ఇది చిన్నపని. కాని అందొక ధర్మసూక్ష్మము ఇమిడియున్నది.

కృష్ణాతీరమున ఒక పల్లెలో ప్రాథమిక పాఠశాల ఉపాధ్యాయుడుగా పనిచేసి విరమించిన వృద్ధు డొకరు 2021 లో కన్నుమూసెను. భార్య అంతకు ముందే గతించినది. ఆయన స్వార్జితముగా మిగిలినది ఎనిమిది లక్షల రూపాయలు. వీలునామా లేదు. 1956 నాటి హిందూ వారసత్వ చట్టము ననుసరించి కొడుకునకును, కూతునకును చెరి సగము వచ్చినది. పెండ్లియై వెళ్లిన ఆడుబిడ్డకు పుట్టినింటి సొత్తులో భాగము లేదనుమాట ఆ చట్టమునకు సమ్మతము కాదు.

ఆ కూతునకు ఇద్దరు బిడ్డలు. పదమూడేండ్ల కుమారుడు, తొమ్మిదేండ్ల కుమార్తె. భర్తకు డాబాపై మరి రెండు గదులు వేయవలెనని చిరకాలపు కోరిక.

“ఇల్లు మాత్రం ఎవరికోసం? పిల్లలకేగా!” అని ఆయన వాదము.

“మా నాన్న ఎప్పుడొచ్చినా పిల్లల చదువు సంగతే అడిగేవారండీ. గదుల సంగతి ఒక్కసారీ అడగలేదు. ఇద్దరి పేరా చెరి సగం వేసేద్దాం” అని ఆమె సమాధానము.

ఆమె మాటయే నెగ్గినది. చెరి రెండు లక్షలు పిల్లలవైనవి. తనకు కొడుకుతో సమానముగా వచ్చినదానిని ఆమె కూతునకును సమానముగానే పంచినది.

పంచుట సులభమే, వేయుటకు పద్ధతి తెలియవలెను. కుమార్తెకు ఇంకను పదేండ్లు నిండలేదు గనుక, 2015 లో ఏర్పడిన సుకన్య సమృద్ధి ఖాతా తెరువ వీలైనది. ఈ ఖాతాలో ఒక ఆర్థిక సంవత్సరమున లక్షన్నరకు మించి వేయరాదు. కావున మొదటి యేడు లక్షన్నర, మరుసటి యేడు ఏబదివేలు చెల్లించిరి. పిదప పదునైదేండ్లు నిండువరకు ఏటేట కనీసము 250 రూపాయలైన వేయుచుండవలెను. బాలికకు పదునెనిమిదేండ్లు వచ్చిన పిమ్మట ఉన్నతవిద్యకై నిలువలో సగము వరకు తీయవచ్చును. తెరచిన ఇరువదియొక్క సంవత్సరములకు ఖాతా పరిపూర్ణమగును.

ఈ పథకము బాలురకు వర్తింపదు. కుమారుని రెండు లక్షలను తపాలా కార్యాలయమున అయిదేండ్ల గడువు డిపాజిట్టుగా ఉంచిరి. సంరక్షకుడుగా తండ్రి సంతకము చేసెను.

రెండేండ్లు గడచినవి. తండ్రి వ్యాపారమున చేయి తిరుగని కాలము వచ్చినది. సరుకు తెచ్చుటకు లక్ష రూపాయలు కావలసివచ్చి, కుమారుని డిపాజిట్టును గడువునకు ముందే తీయదలచెను. తపాలా కార్యాలయమున కాగితము నింపుచుండగా ఒక పంక్తియొద్ద ఆయన కలము ఆగిపోయినది. తీయుచున్న సొమ్ము మైనరు ఉపయోగమునకే కావలసియున్నదనియు, ఆ మైనరు జీవించియున్నాడనియు సంరక్షకుడు ధ్రువపరుపవలెను. జీవించియున్న కుమారుడు ఆ వేళ బడిలో కూర్చుండియున్నాడు. సరుకు మాత్రము అతని ఉపయోగమునకు కాదు. తండ్రి కాగితమును మడిచి జేబులో పెట్టుకొని ఇంటికి వచ్చెను. అప్పు సహకార సంఘమున తెచ్చెను. ఆ వడ్డీ తీరువరకు ఆ ఇంట రెండు పండుగలు కొత్తబట్టలు లేకయే గడచినవి.

ఆ పంక్తి వెనుక పాతచరిత్ర యున్నది. 1873 నాటి ప్రభుత్వ పొదుపు బ్యాంకుల చట్టము మరణించినవారి సొమ్మును గూర్చియు, మైనర్ల సొమ్మును గూర్చియు నియమములు చేసినది. మైనరు తాను వేసిన సొమ్మును అతనికే ఇయ్యవచ్చును; ఇతరులు అతని పేర వేసినదానిని, అతని ఉపయోగార్థము, సంరక్షకునకు ఇయ్యవచ్చును. 2018 లో ఆ చట్టము పేరు మారినదే కాని, ఈ భావము మారలేదు. సంతకము పెద్దవారిది, సొమ్ము బిడ్డది. ఆలయమునకు ధర్మకర్త యెట్టివాడో, ఆ ఖాతాకు తండ్రి అట్టివాడు.

దీనినిబట్టి ఆ సొమ్మును ఎన్నడును ముట్టరాదని అర్థము కాదు. బిడ్డకు జబ్బు చేసినను, చదువునకు రుసుము కట్టవలసివచ్చినను దానిని తీయుట దోషము కాదు. అది అందులకే యున్నది. తీసినదెంతయో, ఎందులకో ఒక పుస్తకమున వ్రాసియుంచినచో, పెరిగిన బిడ్డకు లెక్క చూపవచ్చును.

మరియొక జాగ్రత్త. ఖాతా ఉన్నదని బిడ్డకు తెలియవలెను. బ్యాంకులలో పదేండ్లు ఎవరును తాకని డిపాజిట్లను రిజర్వుబ్యాంకు నిర్వహించు నిధికి పంపు ఏర్పాటు 2014 నుండి కలదు. తిరిగి కోరు హక్కు పోదు. కాని ఉన్నదనియే తెలియనివాడు ఏమని కోరును? పదేండ్లు దాటిన పిల్లలు బ్యాంకు విధించు పరిమితులకు లోబడి తమ పొదుపు ఖాతాను తామే నడుపుకొనవచ్చునని రిజర్వుబ్యాంకు 2014 లోను, మరల 2025 లోను స్పష్టము చేసినది. ఉపాధ్యాయులు చక్రవడ్డీ పాఠము చెప్పునాడు ఈ మాటయు చెప్పవచ్చును. నూటికి ఏటికి ఆరు చొప్పున చక్రవడ్డీపై సొమ్ము సుమారు పండ్రెండేండ్లకు రెట్టింపగును. ఆరవ తరగతి బాలునకు ఆ పండ్రెండేండ్లు ఎంత విలువైనవో లెక్కయే చెప్పును.

ఆ కృష్ణాతీరపు కుటుంబమున ఒక ఆచారము ఏర్పడినది. ఏటేట తాతగారి ఆబ్దికమునాడు భోజనములైన పిమ్మట తల్లి రెండు పాసుపుస్తకములను తెచ్చి పిల్లల చేతికిచ్చును. వారు నిలువ ఎంతయో బిగ్గరగా చదువుదురు. తండ్రి వినుచుండును. డాబాపై గదులు ఇంకను లేవలేదు.