పేడపురుగు కొమ్ము

కోవిల్పట్టి, విరుదునగరం ప్రాంతాలలో నల్లరేగడి నేలలు ఎక్కువ. ఈశాన్య ఋతుపవనాల వానలు పడి నేల మెత్తబడగానే, పశువులు మేసే బీళ్లలో పేడపురుగులు పని మొదలుపెడతాయి. పేడకడిని పుల్లతో తొలగించి చూస్తే, దాని కింద సన్నని సొరంగాలు కనబడతాయి. ఈ పురుగులలో కొన్ని జాతుల మగవాటి తలపై కొమ్ములుంటాయి. ఆడవాటికి ఉండవు, ఉన్నా చాలా చిన్నవి. ఒకే జాతి మగవాటిలో కూడా కొన్నింటికి పొడవైన కొమ్ములుంటాయి, కొన్నింటికి దాదాపు ఉండవు. ఈ తేడాకు కారణమేమిటి?

కొమ్ము తవ్వడానికి పుట్టినది కాదు. సొరంగం తవ్వేది ముఖ్యంగా కొమ్ములేని ఆడపురుగే. అది పేడను లోపలికి చేరవేసి ఉండలు చేసి, ఒక్కొక్క ఉండలో ఒక్కొక్క గుడ్డు పెడుతుంది. మగపురుగు సొరంగం వాకిట కావలి ఉంటుంది. మరొక మగపురుగు లోపలికి రాబోతే రెండూ కొమ్ములతో నెట్టుకుంటాయి. సాధారణంగా పెద్ద శరీరమూ, పొడవైన కొమ్మూ గలదే గెలుస్తుంది. గెలిచినదానికే ఎక్కువ సంతానం కలుగుతుంది. ఇలా తరతరాలుగా జరుగుతూ కొమ్ములు పెరిగాయి. జత కోసం జరిగే పోటీవల్ల కలిగే ఈ మార్పును 'లైంగిక వరణం' అంటారు.

చార్లెస్ డార్విన్ 1871లో వెలువడిన తన గ్రంథంలో ఈ కొమ్ములను గురించి చర్చించాడు. వాటిపై పోరాటపు గుర్తులు కనబడనందువల్ల, అవి కేవలం అలంకారాలని ఆయన భావించాడు. పోరాటం నేల లోపల, చీకటిలో జరుగుతుంది గదా! 1990 దశకంలో డగ్లస్ ఎమ్లెన్ అనే అమెరికా శాస్త్రజ్ఞుడు పనామా దేశపు పేడపురుగులను గాజు పలకల మధ్య మట్టిలో పెంచి, వాటి పోరాటాలను కళ్లారా చూశాడు.

ఆయన మరొక విషయం కూడా గమనించాడు. డింభకానికి తల్లి చేసిపెట్టిన పేడ ఉండే ఆహారం. అది చాలినంత ఉంటే డింభకం బాగా పెరిగి కొమ్ముగల పురుగవుతుంది. చాలకపోతే చిన్నదై, దాదాపు కొమ్ములేనిదవుతుంది. అయినా ఈ చిన్నపురుగు ఓడిపోయినట్లు కాదు. అది పక్కనుండి మరొక సొరంగం తవ్వి, కావలివాని కన్నుగప్పి ఆడపురుగును చేరుతుంది. ఇరుకు దారిలో కొమ్ము లేకపోవడమే దానికి మేలు.

కొమ్ముకు వెల కూడా ఉన్నది. ప్యూపా దశలో పురుగు కొత్తగా తినదు. నిల్వ ఉన్న ఆహారంతోనే అవయవాలన్నీ ఏర్పడాలి. కొమ్ము ఎక్కువ భాగం తీసుకొంటే దాని పక్కనున్న అవయవానికి తగ్గుతుంది. కళ్ల దగ్గర కొమ్ము పెరిగే జాతులలో కళ్లు చిన్నవవుతాయి. అందువల్లనే కొమ్ములు హద్దులేకుండా పెరగవు.

విరుదునగరం జిల్లాలోని రాజపాళయం, శ్రీవిల్లిపుత్తూరు వైపు కొబ్బరితోటలున్నాయి. కొబ్బరి మొవ్వును తొలిచే కొమ్ముపురుగు రైతులందరికీ తెలిసినదే. దాని కొమ్ము చూసి మగదని అనుకోరాదు. ఈ జాతిలో ఆడదానికి కూడా కొమ్ము ఉంటుంది. మగదాని కొమ్ము సాధారణంగా ఇంకా పొడవు. పొట్ట చివర గుబురుగా వెండ్రుకలుంటే అది ఆడది. దీని డింభకాలు ఎరువుకుప్పలలో పెరుగుతాయి.

కాలి కింది పురుగులో కూడా ఇంత చరిత్ర ఉన్నది. బలం ఒక్కటే బ్రతుకుతెరువు కాదనీ, ప్రతి లాభానికీ ఒక వెల ఉంటుందనీ పేడపురుగు కొమ్ము తెలుపుతున్నది.

పదాలు - అర్థాలు
వరణం = ఎంపిక
డింభకం = గుడ్డునుండి వెలువడిన పిల్లపురుగు
ప్యూపా = డింభకం పెద్దపురుగుగా మారే దశ
మొవ్వు = చెట్టు తలలోని లేత భాగం

ప్రశ్నలు
1. పేడపురుగు కొమ్ము తవ్వడానికి కాదని ఎలా చెప్పగలం?
2. కొమ్ములేని మగపురుగు తన జతను ఎలా చేరుతుంది?
3. కొమ్ములు హద్దులేకుండా ఎందుకు పెరగవు?